తొమ్మిదో మడత

ఆ చలికాలం మా దుకాణంలో ఇరవై నాలుగు కిల్టులు, అంటే మా స్కాట్లండ్ సైనికులు నడుముకు కట్టుకునే మడతల గళ్ళబట్టలు, తయారయ్యాయి. అందులో ఇరవై మూడు నేను కుట్టినవి. మిగిలిన ఒక్కదాని సంగతి చెప్పడానికే ఇదంతా.

లండన్ నుంచి సినిమావాళ్ళు మా కిన్‌బ్రేకి వచ్చిన ఏడు అది. కొండమీద కోట, కోట కింద సైనికులుండే బ్యారక్స్, ముందు కవాతు మైదానం, మైదానం నిండా మంచు. వాళ్ళకు కావలసినవన్నీ ఒక్కచోటే దొరికాయి. ఒక పటాలం పెత్తనం కోసం ఇద్దరు అధికారులు ఏళ్ళ తరబడి పంతాలు పట్టే కథట. ఆ కథ మా ఊరికి కొత్తేం కాదు. పదహారేళ్ళుగా టిక్కెట్టు లేకుండా చూస్తూనే ఉన్నాం.

మా ఊరి కథలో ఆ ఇద్దరూ కల్నల్ మెంటీత్, మేజర్ ఓగిల్వీ. ఉద్యోగాలయిపోయి మా వీధికి చెరో చివరా ఉండేవారు. నలభై నాలుగులో, ఇటలీలో ఏదో నది దాటుతుండగా పటాలం నాయకుడు చనిపోతే ఓగిల్వీ అక్కడికక్కడే పగ్గాలు అందుకుని పదకొండు రోజులు నడిపించాడు. పన్నెండో రోజున పైనుంచి కాగితం వచ్చింది, ఇకమీదట నాయకుడు మెంటీత్ అని. ఓగిల్వీ సెల్యూట్ కొట్టాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా సెల్యూట్లే తప్ప మాటల్లేవు. చర్చిలో ఒకరిది మొదటి బెంచీ, ఇంకొకరిది ఆఖరి బెంచీ. వీధిలో ఒకరు ఈ పక్కన నడిస్తే రెండోవారు ఆ పక్కకు దాటేవారు. బురదగా ఉన్నా సరే.

మా నాన్న డేవీ గెడ్డెస్ ఆ పటాలానికే దర్జీ సార్జెంటు. సైన్యం వదిలేశాక బ్యారక్స్ గేటుకు ఎదురుగా దుకాణం పెట్టాడు. పదకొండో ఏట నాకు సూది పట్టడం నేర్పాడు. ముప్పై మూడో ఏటికి, గొప్పకు చెప్పడం లేదు, ఆ చుట్టుపక్కల నా అంత తిన్నగా మడత కుట్టేవాళ్ళు లేరు. అప్పటికి మూడేళ్ళుగా నాన్న కళ్ళకు పొరలు. కిటికీ ఎటుందో గోడ ఎటుందో తెలిసేది, అంతే. కొలతల టేపు మెడలో వేసుకుని బల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్ళతో యుద్ధం కబుర్లు చెబుతూ ఉండేవాడు. కొలిచేదీ కత్తిరించేదీ కుట్టేదీ నేను. నేను కొలతలు తీస్తుంటే నాన్నకు సాయమనుకునేవారు. అసలు సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియదు.

తెలియకూడదు కూడా. బ్యారక్స్ బట్టలన్నీ మాకు వస్తున్నాయంటే అది కల్నల్ మెంటీత్ మాట మీదే. కవాతు చేసినవాడే కవాతు కిల్టు కుట్టగలడని ఆయన గట్టి నమ్మకం. నేను ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నా, "గెడ్డెస్, మీ అమ్మాయిని టీ పెట్టమను" అనేవాడు. ఒక్కసారి కూడా నాతో నేరుగా మాట్లాడిన పాపాన పోలేదు.

నాకు కావలసింది ఒక్కటే, దుకాణం బోర్డు మీద నా పేరు. ఆ మాట నాన్నతో ఆ జనవరిలోనే అనేశాను.

"నాన్నా, 'గెడ్డెస్ అండ్ డాటర్' అని రాయిద్దాం."

"రాయించిన మర్నాడే బ్యారక్స్ బట్టలు ఆగిపోతాయే. కల్నల్ సంగతి నీకు తెలీదూ?"

"ఆయనకు మాత్రం నా సంగతి ఎప్పుడు తెలియాలి?"

"తెలీకపోబట్టే మన పొయ్యి వెలుగుతోంది," అని నాన్న సూప్ గిన్నె ముందుకు లాక్కున్నాడు.

ఆ వారంలోనే సినిమావాళ్ళ దుస్తుల పని చూసే మిస్ పెన్‌రోజ్ బట్ట తానులతో మా గుమ్మంలో దిగింది. ముదురాకుపచ్చ, నీలం గళ్ళు. వాటి మధ్య సన్నటి పసుపు గీత, దానికి అంగుళం ఇవతల అంతే సన్నటి తెల్ల గీత. స్కాట్లండ్‌లో ఎక్కడా చూడని గళ్ళు. ఏ పటాలం గళ్ళు ఆ పటాలానివే కాబట్టి, ఎవరికీ కోపం రాకుండా వాళ్ళ చిత్రకారుడు సొంతంగా గీశాడట. ఎనిమిది వారాల్లో సైనికులకు ఇరవై రెండు, కథలోని ఇద్దరు అధికారులకు చెరొకటి కావాలంది.

"మడతలు ఎలా వెయ్యమంటారండీ?" అని అడిగాను. అడగడమే నా పొరపాటు.

కిల్టు ముందుభాగం సాదా, వెనకంతా మడతలే. మాది ఒక్కొక్కదానికి ఇరవై ఏడు. వాటిని రెండు రకాలుగా వెయ్యొచ్చు. ప్రతి మడత మీదా ఒకటే గీత నిలువుగా వచ్చేలా వేస్తే వెనకంతా చారలు. గళ్ళు చెదరకుండా కలుపుకుంటూ వేస్తే వెనక కూడా ముందులాగే గళ్ళు. మిస్ పెన్‌రోజ్ ఈ ప్రశ్నను సలహాదారుకు వదిలేసింది. సలహాదారు ఎవరయ్యా అంటే కల్నల్ మెంటీత్. లండన్‌లో సినిమా ఆఫీసులో ఒక గది వాళ్ళు ఆయనకు ఉత్తరం రాశారు. పక్క గది వాళ్ళు ఆ సంగతి తెలియక మేజర్ ఓగిల్వీకీ రాశారు. గురువారం పదింటికి ఇద్దరూ మా దుకాణంలో ఉన్నారు.

"గెడ్డెస్," అన్నాడు కల్నల్, "పటాలం కిల్టంటే వెనక చారలుండాలి. మనిషి అడుగేస్తే పసుపు గీతలన్నీ ఒక్కసారి ఊగాలి. ఇందులో మాట్లాడుకోడానికేముంది?"

మేజర్ కిటికీలోంచి మంచును చూస్తున్నాడు. "గెడ్డెస్, ఆ పెద్దమనిషికి చెప్పు. సైనికులకు చారలు సరే. అధికారికి వెనక కూడా గళ్ళే ఉండాలి. నేను మొదట్లో ఉన్న రెండో పటాలంలో మాకందరికీ అంతే."

"గెడ్డెస్, రెండో పటాలం ఎత్తేశారని ఆయనకి గుర్తుచెయ్యి."

"గెడ్డెస్, ఎత్తేసింది జర్మన్లు కాదని, కుర్చీలో కూచున్నవాళ్ళని ఆయనకి గుర్తుచెయ్యి."

పాపం నాన్న, మాట ఎటునుంచి వస్తే అటు తిరిగి "అలాగే సార్, అలాగే సార్" అంటున్నాడు. మిస్ పెన్‌రోజ్ నా చెవి దగ్గరకు వచ్చింది.

"వాళ్ళిద్దరూ ఈ గదిలోనే ఉన్నారు కదా?"

"ఉన్నారండీ. కాకపోతే ఒకరికొకరు లేరు."

నాకు ఒళ్ళు మండి పైకే అనేశాను. "అసలు ఈ పటాలమే లేదు కదండీ. లేని పటాలానికి లేని ఆచారం గురించి పోట్లాటేంటి?"

ఇద్దరూ నాన్న వైపు చూశారు.

"గెడ్డెస్, మీ అమ్మాయి ఏదో అంటోంది," అన్నాడు కల్నల్. ఆ ఒక్క విషయంలో మేజర్ కూడా ఆయనతో ఏకీభవించినట్టే తలాడించాడు.

అలా పన్నెండు రోజులు పోయాయి. తానులు బల్ల మీదే ఉన్నాయి. ఇద్దరూ లండన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. చివరికి మిస్ పెన్‌రోజ్ వచ్చి, సోమవారానికి తేలకపోతే బట్ట వెనక్కి తీసుకెళ్ళి లండన్‌లోనే కుట్టించుకుంటానంది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో నాకు తెలియదు. నా ముందు మొదటి బెంచీలో కల్నల్ వీపు, వెనక ఆఖరి బెంచీలో మేజర్ దగ్గు. అప్పుడు తట్టింది ఉపాయం.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. సినిమాలో ఇద్దరు అధికారుల్లో ఒకడు మొదటినుంచీ ఆ పటాలం మనిషి. రెండోవాడు బయటినుంచి వచ్చి నెత్తిన కూచున్నవాడు. ఒకరికి చారలు వేద్దాం, ఒకరికి గళ్ళు వేద్దాం. మొహం చూడక్కర్లేదు, వెనక్కి తిరిగితే చాలు, ఎవరు ఎటువాళ్ళో తెలిసిపోతుంది.

సోమవారం నాన్న అదే మాట తనదిగా అన్నాడు. మిస్ పెన్‌రోజ్ చప్పట్లు కొట్టింది. మేజర్ "ఊఁ" అన్నాడు. కల్నల్ మాత్రం చేతికర్ర నేలకు తాటించి ఒక షరతు పెట్టాడు.

"చారల కిల్టు నువ్వే కుట్టాలి గెడ్డెస్. మొదటినుంచీ చివరిదాకా నీ చేత్తోనే. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

నేను నాన్న చొక్కా లాగాను. ఆయన నా చెయ్యి విదిలించుకున్నాడు.

"కుడతాను సార్."

ఆ సాయంత్రం ఇద్దరం వాదించుకున్నాం. కుట్టేది నేను కుడతానని, పేరు ఆయనదే చెబుదామని అన్నాను. మూడేళ్ళుగా చేస్తున్నది అదే కదా.

"లేదే. ఇది నేనే కుడతాను. గీత మీద నువ్వు పిన్నులు పెట్టు. పిన్ను పట్టుకుని నేను పోతాను. ఒక్కటి, నెట్టా. ఇక అడగను."

అలా అడిగితే ఎలా కాదంటాను?

పసుపు గీత వెంట మడతకు అయిదేసి పిన్నులు చొప్పున నేను పెట్టుకుంటూ పోయాను. నాన్న కిటికీ పక్క కూచుని, ఎడమ బొటనవేలితో పిన్ను తడిమి, కుడిచేత్తో సూది దించేవాడు. పాత కవాతు పాట ఏదో ముక్కుతో తీస్తూ ఉండేవాడు. మూడేళ్ళుగా టేపు మెడలో వేసుకుని బొమ్మలా నిలబడ్డ మనిషి ఆ నాలుగు రోజులూ నిజంగా దర్జీలా ఉన్నాడు. చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. నా పక్కన సైనికుల కిల్టులు ఇంకా పద్నాలుగు మిగిలే ఉన్నాయి. నాలుగింటికే వెలుతురు పోయే రోజులు. ఒక చేత్తో నా పని, ఒక చేత్తో ఆయనకు పిన్నులు.

రెండో రోజు ఒకచోట పాట ఆగింది. నాన్న బొటనవేలు ఒక మడత మీద ముందుకూ వెనక్కూ రెండుమూడుసార్లు తిరిగింది.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదు. దారం అందుకో."

పాట మళ్ళీ మొదలైంది.

కిల్టు పూర్తయ్యాక ఇస్త్రీ చేసి తగిలించాను. ఒక్కొక్క మడతా పరీక్షగా చూడలేదు. నాన్న కుట్టినదాన్ని నేను తనిఖీ చెయ్యడమా? నాకు ఆ ఆలోచనే రాలేదు.

మార్చి మొదటి వారంలో అందరూ తుది పరీక్షకు వచ్చారు. చారల కిల్టు వేసుకోవలసిన నటుడు మిస్టర్ గ్రాంథమ్ చెక్కపెట్టె ఎక్కి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు. మిస్ పెన్‌రోజ్ చేతిలో జాబితా. మేజర్ యథాప్రకారం కిటికీ దగ్గర. ఆ రోజు మైదానంలో కవాతు సాధన చేయించాలని కల్నల్ తన సొంత కిల్టులో వచ్చాడు. రెండేళ్ళ కిందట పటాలం విందుకు మా దగ్గరే కుట్టించుకున్నది.

కల్నల్ ఒక మోకాలు నేలకు ఆన్చి గ్రాంథమ్ వెనక కూచున్నాడు. ఒక్కొక్క మడతా వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటి?"

నేను వంగి చూశాను. ఎనిమిది పసుపు గీతల తర్వాత ఒక తెల్ల గీత. ఆ తర్వాత మళ్ళీ పసుపు.

నాకు చూడగానే తెలిసిపోయింది. ఆ పిన్నులు పెట్టింది నేను. చీకటి పడే వేళ, చేతిలో ఇంకో పని పెట్టుకుని, అంగుళం ఇవతల పెట్టాను. నాన్న సూది నేను చూపించిన చోటే దిగింది.

కల్నల్ లేచాడు. మొహం ఎర్రబడింది. "గెడ్డెస్, ఇది నీ చెయ్యి కాదు. మీ అమ్మాయి పని. మాటిచ్చి ఆడమనిషి చేత కుట్టించావు. బ్యారక్స్ బట్టలు కూడా ఈ చేతుల్లోకే పోతున్నాయా? నిజం చెప్పు."

నేను నోరు తెరిచాను. నాన్న నాకంటే ముందు మాట్లాడాడు. మడమలు కలిపి, ఛాతీ ముందుకు పెట్టి, గోడకేసి చూస్తూ చెప్పాడు.

"అది నా చెయ్యే సార్. నా కళ్ళు పోయి మూడేళ్ళయింది. తప్పు వచ్చింది చూశారూ, ఆ ఒక్కటే నాది. ఆ బల్ల మీదున్న ఇరవై మూడూ నెట్టావి. వాటిలో ఒక్క తప్పు చూపించండి, రేపే దుకాణం మూసేస్తాను. మూడేళ్ళుగా బ్యారక్స్‌కి వెళ్ళిన ప్రతి కుట్టూ దానిదే." కల్నల్ గొంతు వినబడ్డ వైపు తల తిప్పాడు. "తమరి ఒంటి మీదున్నది కూడా సార్."

కల్నల్ చెయ్యి తనకు తెలియకుండానే తన కిల్టు వెనక్కి పోయింది.

మేజర్ ఓగిల్వీ కిటికీ వదిలాడు. గది మధ్యలోకి వచ్చి జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"వెనక్కి తిరుగు, రోరీ," అన్నాడు.

కల్నల్ పేరు రోరీ అని నాకు అప్పుడే తెలిసింది. ఆయన తిరిగాడు. మేజర్ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి వంగి, పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎక్కడా తొందర లేదు. ఇరవై ఏడు దాకా వెళ్ళి నడుము నిలబెట్టుకున్నాడు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"సరిగ్గా లెక్కపెట్టావా?" అన్నాడు కల్నల్, గోడవైపే చూస్తూ.

"కావాలంటే మళ్ళీ పెడతాను."

"పెట్టు."

మేజర్ మళ్ళీ వంగాడు. ఒకటి, రెండు, మూడు.

"నేను దిగొచ్చా?" అన్నాడు చెక్కపెట్టె మీదనుంచి గ్రాంథమ్. మిస్ పెన్‌రోజ్ జాబితా గుండెకు అదుముకుని ఆ ఇద్దర్నే చూస్తోంది.

రెండోసారీ ఇరవై ఏడే వచ్చాయి. కల్నల్ ఇటు తిరిగాడు. మొదట బల్ల మీద దొంతర చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నన్నంటే నన్నే.

"మిస్ గెడ్డెస్."

"సార్."

"ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"మీ పటాలం దర్జీ దగ్గరే సార్."

ఆయన తలాడించాడు. టోపీ తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, "బ్యారక్స్ బట్టలు సోమవారం వస్తాయి. మీ పేరుమీదే పంపమంటాను," అని బయటికి నడిచాడు. మేజర్ ఆయన వెనకే వెళ్ళాడు. నేను కిటికీ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఇద్దరూ వీధికి ఒకే పక్కన, నాలుగడుగుల ఎడంలో నడిచారు.

అందరూ వెళ్ళాక కత్తెర తీసుకుని ఆ తొమ్మిదో మడత విప్పబోయాను. గంట పని.

"విప్పకు," అన్నాడు నాన్న. "అది నా ఆఖరిది. ఎలా ఉందో అలాగే ఉండనీ."

పిన్ను నాదని అప్పుడే చెప్పాల్సింది. నా గొప్పంతా ఆయన అప్పుడే నలుగురిలో చాటాడు. ఆ గొప్పలోంచి ఒక్క మడత వెనక్కి ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. సిగ్గుపడ్డాను, కత్తెర పక్కన పెట్టాను, ఊరుకున్నాను.

మంచు కరిగేసరికి సినిమావాళ్ళు వెళ్ళిపోయారు. ఏప్రిల్లో రంగులవాడు వచ్చి బోర్డు కొత్తగా రాశాడు. గెడ్డెస్ అండ్ డాటర్. నాన్న నిచ్చెన ఎక్కి ఆరీ ఆరని అక్షరాల్ని వేలితో తడిమి చూశాడు. ఇప్పటికీ 'డాటర్' చివర ఆయన వేలిముద్ర ఉంది.

మళ్ళీ చలికాలం మొదట్లో ఆ సినిమా మా ఊరి హాలుకు వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆట. రంగుల సినిమా. ఊరు ఊరంతా తమ తమ గోడలు, తమ తమ కుక్కలు ఎక్కడ కనిపిస్తాయా అని వెతుక్కుంటోంది. నాన్న మంచి కోటు వేసుకుని నా పక్కన కూచుని వింటున్నాడు. మా ముందు వరసలో కల్నల్, మేజర్. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ. దాని మీద ఇద్దరి టోపీలూ ఒకదానిమీద ఒకటి ఉన్నాయి.

ఆఖరి దృశ్యంలో గ్రాంథమ్ మంచులో ఒంటరిగా మైదానం దాటి వెళ్ళిపోతాడు. తెర నిండా ఆయన వీపే. అడుగు వేసినప్పుడల్లా పసుపు చారలన్నీ ఒక్కసారి ఊగుతున్నాయి. వాటి మధ్య ఒకే ఒక్క తెల్లది.

"తొమ్మిదోది," అన్నాడు మేజర్ మెల్లగా.

"చూశాను. నోరు మూసుకుని బొమ్మ చూడు," అన్నాడు కల్నల్.

నాన్న నా వైపు వంగాడు. "కనబడిందా?"

"కనబడింది నాన్నా." ఇక ఆగలేకపోయాను. "ఆ పిన్ను నాది. నేనే తప్పు పెట్టాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మడత లోతు తక్కువొచ్చింది. కుడుతున్నప్పుడే వేలికి తెలిసింది."

"మరి తెలిసి ఎందుకు కుట్టావు?"

నాన్న చీకట్లో నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"నువ్వు పెట్టిన పిన్ను కదే. నా వేలే పొరబడిందనుకున్నాను."